సర్కారుకు మీ ముత్తాతతో ఏం పని పడింది?

తద్దినం పెట్టించే పురోహితుడు మూడు తరాల పేర్లు అడుగుతాడు: తండ్రి, తాత, ముత్తాత. ఆడవాళ్ల వరసలోనూ అంతే. నాలుగో పేరు ఆయనకు అక్కర్లేదు. ఆ ఆచారం పాటించే చాలా ఇళ్లలో వంశం తాలూకు జ్ఞాపకం సరిగ్గా ఆ మూడు పేర్ల దగ్గరే ఆగిపోతుంది. పని ఉన్న పేర్లు నిలిచాయి, పని లేని పేరు జారిపోయింది. కాగితం కూడా అలాగే నడుస్తుంది. ఎవరికో పని పడితే తప్ప ఒక మామూలు మనిషి పేరు కాగితం మీదికి ఎక్కదు. కాబట్టి కంపెనీ కాలంలో, దొరతనం కాలంలో, నిజాం ఏలుబడిలో బతికిన మీవాళ్లను వెతకాలనుకుంటే "మా వంశం వివరాలు ఎక్కడ దొరుకుతాయి?" అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. "మావాళ్లతో సర్కారుకు ఏం పని పడింది?" అని అడగండి. జవాబు ఎటు చూపిస్తే అటు వెళ్లండి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

ఈ ప్రశ్న వేసుకోకుండా బయల్దేరినవాళ్లు మొట్టమొదట జనాభా లెక్కల తలుపు తడతారు. ఇంగ్లండులో 1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంటింటి మనుషుల పేర్లు రాశారు, ఆ కాగితాలు దాచారు, ఇప్పటికీ చూడొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871లో మొదలై పదేళ్లకోసారి లెక్కలు జరిగాయి కదా, మనకూ అలాగే ఉంటాయని అనుకోవడం సహజమే. ఉండవు. ఏ జిల్లాలో ఎందరున్నారు, ఏ కులంవాళ్లు ఎందరు, చదువు వచ్చినవాళ్లు ఎందరు అన్న అంకెలే ఇక్కడి సర్కారుకు కావాలి. కూడికలు అయిపోయాక ఇంటింటి మనుషుల పేర్లున్న కాగితాలను ఉంచలేదు. అదే సర్కారు ఒక్క అర ఎకరం పన్ను పోతుందనుకుంటే ఆ భూమి ఎవరిది, ఆయన తండ్రి ఎవరు, ఆయనకు ఎవరిచ్చారు అని మూడు తరాలు తవ్వి రాయించింది. జనం లెక్కల్లో దొరకని మనిషి పన్ను లెక్కల్లో దొరకడానికి కారణం ఇదే.

వెతుకులాట మొదలుపెట్టేముందు ఒక చిన్న లెక్క వేసుకుంటే ధైర్యం వస్తుంది. తరానికి పాతికేళ్లు అనుకుందాం. 1955లో పుట్టిన మనిషికి 1930 ప్రాంతాల్లో పుట్టిన తండ్రి, 1905 ప్రాంతాల్లో పుట్టిన తాత బాగా తెలుసు. 1880 ప్రాంతాల్లో పుట్టిన ముత్తాత పేరు తెలుసు. అటుపక్క 1860 నాటి రెవెన్యూ పుస్తకంలో భూమి గల రైతు ముప్పై, నలభై ఏళ్ల మనిషి, అంటే 1825 ప్రాంతాల్లో పుట్టినవాడు. ఈ రెంటి మధ్య ఖాళీ ఒక తరం, మహా అయితే రెండు. జ్ఞాపకం ఈ గట్టు, కాగితం ఆ గట్టు. దాటాల్సిన కాలవ మనం భయపడేంత వెడల్పు లేదు.

ఈ గట్టున పని పెద్దవాళ్లతో. వాళ్లను తేదీలు అడిగితే లాభం లేదు, సంవత్సరాల పేర్లూ కరువులూ తుఫానులూ అడగాలి. "మా తాత ధాత కరువుకి పసిపిల్లాడట" అని ఒక ముసలమ్మ అంటే ఆ మాటలో పుట్టిన తేదీకి దగ్గరి విలువ ఉంది. ధాత కరువంటే 1876-77. గుంటూరు సీమను ఊడ్చేసిన నందన కరువు 1832-33. బందరు ఉప్పెన 1864 నవంబరు 1. కోరంగి రేవును ముంచిన తుఫాను 1839. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది, "ఆనకట్ట కట్టాక ఈ ఊరొచ్చాం" అన్న మాటకు అది గుర్తు. అయితే అరవై ఏళ్ల చక్రంలో ధాత 1936లో మళ్లీ వచ్చింది, కనుక ఒట్టి సంవత్సరం పేరుతో తొందరపడకూడదు, దాని పక్కన ఒక సంఘటన కావాలి. రెవెన్యూ కాగితాల్లో కనిపించే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. మద్రాసు వైపు ఫసలీ 1300 అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ వరకు. హైదరాబాదు ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది, ఆ మూడు నెలల తేడా గుర్తుంచుకోవాలి. ఇంకో చిక్కు మన పేర్లలోనే ఉంది. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒకే ఇంటిపేరుతో, ఒకే ఊళ్లో, వెంకయ్య కొడుకు రామయ్య, రామయ్య కొడుకు వెంకయ్య, ఆ వెంకయ్య కొడుకు మళ్లీ రామయ్య వరసగా వస్తారు. ఇద్దరు రామయ్యలను ఒక్కరిగా కలిపేస్తే యాభై ఏళ్లు మాయమైపోతాయి. ప్రతి పేరు పక్కన తండ్రి పేరు, భార్య పేరు, ఆ కాగితం సంవత్సరం రాసుకుంటే తప్ప ఈ చిక్కు విడదు. తాత పేరే మనవడికి వచ్చే అలవాటు మనకు ఒక మేలూ చేస్తుంది. ముత్తాతల అన్నదమ్ముల పిల్లల్లో పెద్దకొడుకులందరికీ ఒకే పేరు కనబడితే అది వాళ్ల తాత పేరు అయివుండే అవకాశం ఎక్కువ. అది రుజువు అనిపించుకోదు, ఎక్కడ వెతకాలో చెప్పే జాడ మాత్రమే.

ఆ గట్టుకు చేరాలంటే ఊరు కావాలి. ఇంటిపేరు చాలదు. ఒకే ఇంటిపేరు ఏ సంబంధమూ లేని నాలుగు కులాల్లో, ఆరు జిల్లాల్లో ఉంటుంది. ఊరు తెలిశాక ఆ ఊరు ఏ ఏడు ఏ జిల్లాలో ఉందో తేల్చుకోవాలి, ఎందుకంటే కాగితాలు అప్పటి జిల్లాతోనే ప్రయాణం చేశాయి. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను తిరగేసి గోదావరి, కృష్ణా జిల్లాలు చేశారు. గుంటూరు మళ్లీ 1904లో వేరుపడింది. అనంతపురం 1882 దాకా బళ్లారిలో భాగం. చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది. పశ్చిమ గోదావరి 1925లో, ప్రకాశం 1970లో. అంటే ఒంగోలు వైపు పల్లె ఒకటి నెల్లూరు కాగితాల్లోనూ గుంటూరు కాగితాల్లోనూ కనిపించొచ్చు. మద్రాసు సర్కారు పాత దస్త్రాల్లో పెద్ద భాగం చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్‌లోనే ఉంది. నిజాం రాష్ట్రానివి హైదరాబాదు తార్నాకలో ఉన్నాయి, వాటిలో పాతవి ఫారసీ, ఉర్దూ భాషల్లో ఉంటాయి. ఊరు రైత్వారీదా, జమీందారీదా, జాగీరా అన్నది ఇంకా ముఖ్యం. రైత్వారీ ఊళ్లో సర్కారు నేరుగా రైతు దగ్గర శిస్తు తీసుకుంది, కాబట్టి రైతు పేరు రాసుకుంది. 1802 శాశ్వత పైసలా కింద జమీందారుకు అప్పజెప్పిన ఊళ్లో సర్కారుకు జమీందారుతోనే పని. రైతు పేరు ఎస్టేటు కచేరీ లెక్కల్లో మాత్రమే ఉంటుంది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాకే ఆ ఊళ్లలో చాలామంది పేర్లు సర్కారు పుస్తకాలకు ఎక్కాయి. ఇది తెలియక జమీందారీ ఊరి రైతు కోసం 1870ల సర్కారు రికార్డు అడిగి, లేదనిపించుకుని, మావాళ్లు అసలు ఈ ఊరివాళ్లే కాదేమో అనుకునేవాళ్లు ఉంటారు.

రైత్వారీ ఊరైతే రీసెటిల్మెంటు రిజిస్టరు, కోస్తాలో డైగ్లాట్ అని పిలిచేది, మొదట చూడాలి. ఒకవైపు ఇంగ్లిషు, ఒకవైపు తెలుగు ఉంటుంది కాబట్టి ఆ పేరు. ముప్పై ఏళ్లకోసారి శిస్తు సవరించే ఏర్పాటు వల్ల రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెడితే ఒకే సర్వే నంబరు తండ్రి నుంచి కొడుకులకు చీలడం కంటికి కనిపిస్తుంది. తెలంగాణలో సేత్వార్ అనే సెటిల్మెంటు రికార్డు, ఆ తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ ఈ పని చేస్తాయి. ఖాస్రా పహాణీని స్వతంత్రం తర్వాతిదని తీసిపారేయకండి, అందులో పట్టాదారు పేరు చాలాచోట్ల అప్పటికే చనిపోయిన పెద్దాయనది. కానీ నా దృష్టిలో వంశం వెతికేవాళ్లకు వీటన్నిటికంటే విలువైన పుస్తకం ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో మద్రాసు సర్కారు ఇనాం కమిషన్ వేసింది. పన్ను లేకుండానో నామమాత్రపు పన్నుతోనో అనుభవిస్తున్న ప్రతి చెక్కకూ హక్కు రుజువు చూపమంది. రుజువంటే ఏమిటి? ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎప్పుడు, ఇప్పుడు అనుభవించే మనిషి మొదటి మనిషికి ఏమవుతాడు, అతని వయసెంత. వంశవృక్షానికి కావలసినవి కూడా సరిగ్గా ఇవే. పైగా ఇనాం అంటే అగ్రహారమే అనుకోకూడదు. గుడి పూజారికి, మేళగాడికి, దేవదాసికి, చెరువు కాచే నీరటికాడికి, మసీదు సేవకుడికి, మంగలికి, చాకలికి, కుమ్మరికి, వడ్రంగికి ఊరు ఇచ్చిన మాన్యాలు కూడా ఇనాములే. పెద్ద కమతం ఉన్న రైతు పేరు శిస్తు పుస్తకంలో ఒక్క వరసలో ముగిసిపోతే, అర ఎకరం మాన్యం ఉన్న మంగలి తాతముత్తాతల పేర్లు ఇక్కడ దొరకొచ్చు. రైతు శిస్తు కడుతున్నాడు కాబట్టి అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. మంగలి కట్టడం లేదు కాబట్టి ఎందుకు కట్టడం లేదో రాయించారు.

రెండో పెద్ద గని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు. దస్తావేజుల రిజిస్ట్రేషన్ చట్టం 1864లో వచ్చింది, మార్పులు చెంది 1908 చట్టంగా నిలిచింది. ఒకే పేరున్న ఇద్దరి మధ్య మోసం జరగకూడదన్నది ఆ చట్టం బాధ. అందుకే దస్తావేజులో మనిషిని గుర్తించడానికి నివాసం, వృత్తి, తండ్రి పేరు రాయాలంది. తల్లి పేరుతోనే పిలవబడే మనిషికైతే తల్లి పేరు రాయొచ్చని కూడా చెప్పింది. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని, దాని సూచికను రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించడం ఇల్లు కొనేవాళ్ల పనే అనుకుంటాం, కానీ పాత సూచికలో తాతగారి పేరు కింద వరసగా తనఖా, విక్రయం, భాగపంపిణీ కనబడితే ఆ ఇంటి కష్టసుఖాల పటం అంతా ఎదుట నిలుస్తుంది. భాగపంపిణీ దస్తావేజు దొరికితే అన్నదమ్ములందరూ పెద్ద చిన్న వరసలో ఉంటారు. దొరకకపోతే చెక్కుబందీ చదవండి. తూర్పున ఫలానా వారి భూమి, దక్షిణాన ఫలానా వారి భూమి అని రాసే ఆ నాలుగు హద్దులను అందరూ దాటేసి పోతారు. పంచుకున్న పొలానికి పక్క చెక్క అన్నదమ్ములదో, దాయాదులదో అవుతుంది. ఇంటిపేరు ఒకటే ఉన్న హద్దుదారుల జాబితా రాసుకుంటే, తెగిపోయిన కొమ్మలు మళ్లీ అతుక్కోవడానికి దారి దొరుకుతుంది. కింద సంతకం చేసిన సాక్షులను కూడా వదలకండి. బావమరిదో వియ్యంకుడో సాక్షిగా రావడం మామూలు. ఆస్తి తగాదా కోర్టుకెక్కితే ఇంకా మంచిది. 1862 నుంచి మద్రాసు హైకోర్టు ఉంది, 1876 నుంచి తీర్పులు ఇండియన్ లా రిపోర్ట్స్‌లో అచ్చయ్యాయి. దత్తత చెల్లుతుందా, ఇల్లరికపుటల్లుడికి వాటా ఉందా అన్న వ్యాజ్యాల్లో జడ్జీలు వంశవృక్షం గీయకుండా ముందుకు పోలేకపోయారు.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది: ఇదంతా మగవాళ్ల వరస, ఆడవాళ్లు ఏరీ? పన్ను కట్టే పేరు మగవాడిది, పట్టా మగవాడిది, కాబట్టి ఆ పుస్తకాల్లో ఆడవాళ్లు తక్కువ. ఇది నిజం, దీన్ని తగ్గించి చెప్పను. కానీ అదే సూత్రం పట్టుకుని అడగండి: ఏ సందర్భంలో సర్కారుకు ఒక స్త్రీ పేరు అవసరమైంది? ఆస్తి ఆమె చేతికి వచ్చినప్పుడూ, ఆమె చేతినుంచి పోయినప్పుడూ. పసుపుకుంకాల కింద పుట్టింటివారు రాసిచ్చిన భూమి దస్తావేజులో తండ్రి పేరు, భర్త పేరు రెండూ ఉంటాయి. రెండు కుటుంబాలను ఒకే కాగితం కలుపుతుంది. భర్త చనిపోయి మనోవర్తి దావా వేసిన స్త్రీ, మైనరు కొడుకు తరఫున గార్డియనుగా సంతకం చేసిన తల్లి, దత్తత తీసుకున్న వితంతువు, వీళ్లందరూ సొంత పేర్లతో కాగితం మీద నిలబడ్డారు. అలాంటి ఒక స్త్రీ వేలిముద్ర పక్కన పేరు రాసిన గుమాస్తా దస్తూరీ తప్ప ఆమెకు ఈ లోకంలో వేరే గుర్తు మిగలకపోవచ్చు.

దీనికంటే బరువైన ఆక్షేపణ: మాకు భూమే లేదు, దస్తావేజు ఎక్కడిది? పాలేరుగా, కూలీగా, వెట్టిగా బతికినవాళ్ల మనవలు ఈ మాట అన్నప్పుడు దాని వెనక ఎంత అన్యాయం ఉందో గుర్తించాలి. అయినా సర్కారు వాళ్లను విడిచిపెట్టలేదు. తలారి, వెట్టి వంటి గ్రామసేవకుల ఉద్యోగాలు వంశపారంపర్యం. 1895 చట్టం వాటి వారసత్వాన్ని పెద్దకొడుకు వరసలో నియమబద్ధం చేసింది. తలారి చనిపోతే తర్వాతి వారసుడు ఎవరో తాలూకా కచేరీ తేల్చాల్సి వచ్చింది, తేల్చిన కాగితం పుట్టింది. ఇక చర్చి వేరే అవసరంతో రాసింది. 1878 జూలైలో ఒంగోలు దగ్గర బాప్టిస్టు మిషన్ ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఏ శిస్తు పుస్తకంలోనూ చోటు దొరకని కుటుంబాలకు బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లే మొదటి కాగితాలు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో, బందరులో చర్చ్ మిషనరీ సొసైటీ 1841లో పని మొదలుపెట్టాయి. మీ పల్లె ఏ మిషన్ పరిధిలో ఉండేదో తెలిస్తే ఏ పాస్టరేటులో అడగాలో తెలుస్తుంది. మూడోది చెప్పడానికి మనసొప్పదు కాని చెప్పాలి. నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకల వంటి కులాల కుటుంబాలకు కుటుంబాలనే వేలిముద్రలతో నమోదు చేసి, స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టారు. పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ రిజిస్టరులో ముత్తాత పేరు కనబడితే అది ఆయన చేసిన నేరానికి సాక్ష్యమని ఎవరూ అనుకోకూడదు, ఆయన మీద సర్కారు చేసినదానికి సాక్ష్యం.

భూమి లేనివాళ్ల గురించి అందరికంటే నిండుగా రాసిన కాగితం మాత్రం ఓడ కాగితం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మంది కూలీలతో దక్షిణాఫ్రికా నటాల్‌లోని డర్బన్ చేరింది. 1911 దాకా నటాల్‌కు వెళ్లినవాళ్లు సుమారు 1,52,000 మంది, వాళ్లలో మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లే. మారిషస్‌కు 1834 నుంచే వెళ్లారు. ఫిజీకి మద్రాసు నుంచి 1903లో మొదలైంది. ఒక్కొక్కరికీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు, దెబ్బల మచ్చలు రాశారు. మారిషస్‌లో 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. ఇంత శ్రద్ధ ఎందుకంటే, అయిదేళ్ల ఒప్పందం మధ్యలో పారిపోతే పట్టుకోవాలి. ఎడమ మోకాలి మీద మచ్చ ఉందని రాసిన చేయి ఆ మనిషిని ఖైదీలా చూసింది. నూట యాభై ఏళ్ల తర్వాత ఆ మచ్చ చూసే మునిమనవడికి మాత్రం అది తన మనిషి ఒంటి గుర్తు. మారిషస్ కాగితాలు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వీటిని ఇటునుంచి వెతికేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఓడ కాగితంలో మన ఇంటిపేరు సాధారణంగా ఉండదు. అక్కడ చాలామందికి తర్వాత ఇంటిపేరుగా స్థిరపడినవి నాయుడు, రెడ్డి వంటి బిరుదు పేర్లు. అందుకని ఊరు, తండ్రి పేరు పట్టుకుని వెతకాలి. "ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు" అనే చిన్నతాత కథ ఉన్న ఉత్తరాంధ్ర, గోదావరి, నెల్లూరు ఇళ్లు ఈ దారి తప్పక చూడాలి. అదే మనిషి రంగూన్ వెళ్లివుంటే ఇంత కాగితం ఉండదు. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాకినాడలో స్టీమరు టిక్కెట్టు కొంటే చాలు, ఎవరూ తండ్రి పేరు అడగలేదు. అడగాల్సిన పని లేదు కనుక రాయలేదు.

ఇంతకీ ఈ కాగితాలను నమ్మొచ్చా? పూర్తిగా నమ్మకూడదు. ఓడ దగ్గర గుమాస్తా విన్నదాన్ని విన్నట్టు ఇంగ్లిషులో రాశాడు, ఊరి పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. వయసులన్నీ పాతిక, ముప్పై, ముప్పై అయిదు అని గుండ్రంగా ఉంటాయి. రైతు శిస్తు తగ్గించుకోవడానికి భూమిని చవుడు అన్నాడు. కరణం తన బంధువుకు అనుకూలంగా రాసుకున్నాడు. ఇనాందారు తన మాన్యం ఎంత పాతదైతే అంత క్షేమం కాబట్టి దాత పేరు రాయలవారిదాకా తీసుకుపోయాడు. కాబట్టి కాగితం అబద్ధమాడుతుంది. అయితే ఎక్కడ ఆడుతుందో మనం ఊహించగలం, ఎందుకంటే అది ఎవరి అవసరానికి పుట్టిందో మనకు తెలుసు. లాభం ఉన్నచోట మాటను అనుమానించాలి, లాభం లేనిచోట నమ్మొచ్చు. ఇనాందారు దాత ఎవరన్నదాంట్లో అతిశయం చేసివుండొచ్చు, తన తమ్ముడి పేరు మార్చి చెప్పడానికి అతనికి కారణం తక్కువ. దస్తావేజులో సొమ్ము అంకె తగ్గించి రాసివుండొచ్చు, తండ్రి పేరు తప్పు రాస్తే ఆ దస్తావేజే చెల్లదేమోనన్న భయం ఉంది. ఒక్కో పేరునూ వేర్వేరు అవసరాలకు పుట్టిన రెండు కాగితాలు బలపరిచే దాకా పెన్సిల్‌తోనే రాసుకోండి. ఒకే కాగితానికి రెండు నకళ్లు రెండు సాక్ష్యాలు కావు.

నోటి మాటకు విలువే లేదా అంటే, ఉంది, అదీ ఇదే కొలతతో. మాదిగలకు డక్కలివారు, రెడ్లకు పిచ్చుకుంట్లవారు, పద్మశాలీలకు కూనపులివారు తరతరాలుగా గోత్రాలు, ఇంటిపేర్లు, వంశాల కథలు చెబుతూ వచ్చారు. ఆ ఇళ్ల నుంచి త్యాగం అనే కానుక అందుకునే హక్కు వాళ్లది, కనుక ఏ ఇల్లు ఎక్కడికి వలసపోయిందో గుర్తుపెట్టుకోవడం వాళ్ల బతుకుతెరువు. పురాణ భాగాన్ని కథగా విని, వలసల భాగాన్ని జాగ్రత్తగా రాసుకోవాలి. గయలో, కాశీలో, ప్రయాగలో పండాలు యాత్రికుల పేర్లు రాసే బహీలూ అలాంటివే, మళ్లీ వచ్చే కొడుకును మన యజమాని అని గుర్తించడానికి రాసినవి. కాశీకి పోయినవాళ్లెవరో మీ ఇంట్లో తెలిస్తే ఊరి పేరుతో అడగొచ్చు.

చివరిగా, ఇదంతా కులగర్వానికి ఎరువు వేయడం కాదా అని అడిగేవాళ్లున్నారు. గొప్ప పూర్వీకుణ్ణి ముందే ఎంచుకుని అతని దాకా నిచ్చెన కట్టుకునేవాళ్ల విషయంలో ఆ భయం నిజమే. తెలిసినదాని నుంచి వెనక్కి ఒక్కో మెట్టు దిగే పద్ధతిలో మాత్రం జరిగేది వేరు. వంశమంటే ఒకే రక్తం అనుకున్నవాళ్లకు దత్తత కాగితం ఎదురవుతుంది, ఇల్లరికం వచ్చి అత్తవారి భూమిలో స్థిరపడ్డ అల్లుడు ఎదురవుతాడు. జమీందారులం అనుకున్న ఇంట్లో వరసగా ఏడు తనఖాలు కనబడతాయి. మన పొలం తూర్పు హద్దు చెక్క ఒకప్పుడు ఎవరి మాన్యమో, అది మన చేతికి ఏ ధరకు, ఏ కరువు ఏట వచ్చిందో కూడా అదే పుస్తకం చెబుతుంది. 1877లో కొన్న భూమి ధర చూసి, అమ్మినవాడు ఎవరు, అతని పిల్లలు ఏమయ్యారు అని అడగకుండా పేజీ తిప్పేసే వంశచరిత్ర సగం వంశచరిత్రే. దేవదాసి మాన్యం కాగితం దొరికితే దాచేయాలనిపించొచ్చు. గుడిలో తన విద్యతో సొంత పేరు మీద భూమి అనుభవించిన స్త్రీ ఆమె. ఆమె పేరు తుడిచేసే హక్కు మనకెవరూ ఇవ్వలేదు. ఇప్పుడు బతికివున్న బంధువులను ఇబ్బందిపెట్టే సంగతులు మాత్రం వాళ్లను అడగకుండా నలుగురిలో పెట్టకండి.

ఆలస్యం చేయడానికి మాత్రం వీల్లేదు. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేశారు. ఆ తర్వాత పాత కరణాల ఇళ్లలో మిగిలిపోయిన కట్టలకు చెదలే దిక్కయ్యాయి. వాటిలో ఉన్న గొలుసుకట్టు రాత, వీసాలు, పరకలు అనే పాత భిన్నాల లెక్క చదవగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. మీ ఊళ్లో అలాంటి పెద్దాయన ఒకరుంటే ఆర్కైవ్స్‌కి ప్రయాణం తర్వాత పెట్టుకోండి, ముందు ఆయన దగ్గర కూర్చోండి. ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న ప్రతి కాగితాన్నీ ఫొటో తీయండి, ఏది ఏ పెట్టెలో, ఏ కట్టలో దొరికిందో పక్కన రాయండి, వరస చెడగొట్టకండి. వంశవృక్షం గీసేటప్పుడు పేరు తెలియని ముత్తవ్వకు కూడా ఒక గడి గీసి, అందులో ఆమె పుట్టిల్లు ఏ ఊరని విన్నారో రాయండి. స్టాంపు కాగితాలను రెండువైపులా ఫొటో తీయడం మరిచిపోవద్దు. వెనకవైపు స్టాంపు వెండరు రాసిన చిన్న పంక్తి ఉంటుంది: ఏ తేదీన, ఏ ఊరి నుంచి, ఎవరి కొడుకు ఎవరు వచ్చి ఆ కాగితం కొనుక్కుపోయారో.